కోయించిన గరిటె

చిదంబర స్వామి దగ్గరకు ఎవరైనా ప్రశ్నతో వస్తే ముందు భోజనానికి కూర్చోబెట్టేవారు. నాగావళి ఒడ్డున, పాలకొండకు కాస్త ఎడంగా ఉన్న ఆ ఆశ్రమంలో ఇది అందరికీ తెలిసిన అలవాటు. ఆకలి మీద అడిగే ప్రశ్న వేరు, తిన్నాక మిగిలే ప్రశ్న వేరు అని ఆయన నమ్మకం. కొందరి ప్రశ్నలు పెరుగన్నం దాకా కూడా నిలిచేవి కావు.

గజపతి ప్రశ్న మాత్రం భోజనంతో తీరేది కాదు. అతని గొడవంతా భోజనంతోనే వచ్చింది.

పార్వతీపురంలో ఎరువుల దుకాణం గజపతిది. తల్లి ఏ ముహూర్తాన ఆ పేరు పెట్టిందో గానీ, నలభై ఏళ్ళు వచ్చేసరికి పేరు నిలబెట్టాడు. మోకాళ్ళు మొరాయించాయి. సుగరు పట్టుకుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. చివరికి భార్య వరహాలమ్మ పోరు పడలేక విశాఖపట్నం వెళ్ళి, కడుపు చిన్నది చేసే ఆపరేషను చేయించుకున్నాడు. అక్కడి డాక్టరమ్మ ముందే చెప్పింది: "మేం చేసేది సగం పనేనండీ. మిగతా సగం ఏళ్ళ తరబడి మీరూ మేమూ కలిసి చెయ్యాలి. పిలిచినప్పుడల్లా రండి. బరువు మళ్ళీ పెరిగితే అప్పుడు మరీ రండి." గజపతి బుద్ధిగా తలూపాడు. ఆపరేషనుకు ముందు ఎవరైనా తలూపుతారు.

మొదటి ఏడాది మనిషి సగానికి సగం తగ్గిపోయాడు. సుగరు మాత్రలు మానిపించారు. దర్జీ దగ్గర కొత్త చొక్కాలు కుట్టించుకున్నాడు. పెళ్ళిళ్ళలో పెళ్ళికొడుకును వదిలేసి ఇతన్ని చూసేవాళ్ళు. గజపతి కూడా తక్కువ తినలేదు లెండి, అంటే, పొగడ్తలు. ఎరువుల బస్తా కోసం వచ్చిన రైతుకు సైతం తిండి గురించి పాఠం చెప్పకుండా పంపేవాడు కాదు.

తరవాత మెల్లమెల్లగా తిరుగుముఖం పట్టింది. పెద్ద నేరమేమీ చెయ్యలేదు. దుకాణంలో టీతోపాటు రెండు బిస్కట్లు, పక్కన కాసిని జీడిపప్పులు, వరహాలమ్మ ప్రేమగా కలిపి పెట్టే ఇంకో ముద్ద. ఆపరేషను అయింది కదా, ఏం కాదులే అన్న ధీమా ఒకటి. మూడో ఏడు సగం గడిచేసరికి తగ్గిన బరువులో మూడో వంతు తిరిగి వచ్చేసింది. కొత్త చొక్కాల బొత్తాలు పట్టడం మానేశాయి. ఆసుపత్రి నుంచి ఫోను వస్తే తియ్యడం మానేశాడు. ఇప్పుడు కొత్తగా దాహం మొదలైంది. ఆ దాహం అతనికి పాత పరిచయమే; సుగరు వచ్చిన రోజుల్లోనూ ఇలాగే ఉండేది. ఆ మాట భార్యకు చెప్పలేదు. భయమేసింది, భయం కంటే సిగ్గు ఎక్కువ వేసింది. నేరుగా గురువుగారి దగ్గరకు వచ్చాడు.

"స్వామీ, కడుపులో ముప్పాతిక భాగం కోసి పారేశారు. అయినా బరువు తిరిగొచ్చింది. ఇక నా రాత ఇంతేనా? వదిలెయ్యమంటారా?" అని అడిగాడు. దాహం సంగతి గురువుకూ చెప్పలేదు. కానీ ఆ కాసేపట్లోనే రెండుసార్లు లేచి మూల ఉన్న కూజా దగ్గరకు వెళ్ళివచ్చాడు. స్వామి అది చూశారు.

"భోజనానికి పద. ఇవాళ నీ విస్తరి కాదు, సన్యాసి చెయ్యి చూడు," అన్నారు.

సన్యాసి నాయుడు ఆశ్రమంలో వడ్డన చేసేవాడు. ఏళ్ళుగా అతని చేతి అన్నం తినని శిష్యుడు లేడు. ఆ పంక్తిలో వడ్డించేవాడికి 'చాలు' అని చెప్పకూడదు; అన్నాన్ని కాదనడం తప్పని ఎప్పటినుంచో ఉన్న నియమం. సన్యాసికేమో పెట్టిన కొద్దీ పెట్టాలని ఉంటుంది. దాంతో విస్తళ్ళలో అన్నం మిగిలి పారబోయవలసి వచ్చేది. అది చూడలేక స్వామి కిందటేడు కంచరిని పిలిపించి, సన్యాసి ఇత్తడి గరిటెను సగానికి కోయించి, మనిషికి ఒక్కసారే పెట్టమన్నారు. కొన్నాళ్ళు విస్తళ్ళు శుభ్రంగా లేచాయి. ఈ మధ్య మళ్ళీ అన్నం మిగులుతోంది.

గజపతి చూస్తూ కూర్చున్నాడు. సన్యాసి ఒక గరిటె అన్నం పెట్టాడు. పప్పు వేసే మనిషి వచ్చేలోగా, మాట్లాడుతూనే, మరో గరిటె పెట్టాడు. ముందుకు కదిలినట్టే కదిలి వెనక్కి తిరిగి ఇంకో సగం విదిలించాడు. అందరి దగ్గరా అంతే. గరిటె చిన్నదైంది గానీ విస్తరిలో కుప్ప ఎప్పటిదే.

"సన్యాసీ, ఒక్కొక్కరికి ఎన్నిసార్లు పెట్టావు?" అని స్వామి పిలిచి అడిగారు.

"ఒక్కపాలే సామీ. తమరు సెప్పినట్టే."

పంక్తంతా గొల్లుమంది. సన్యాసి అయోమయంగా విస్తళ్ళ వైపు చూశాడు, గరిటె వైపు చూశాడు. అతను అబద్ధమాడలేదు. ఆ చెయ్యి చేసిన పని అతనికి నిజంగానే తెలియదు. మొహం నల్లబడిపోయింది. గరిటె గిన్నెలో పెట్టేసి, "రేపట్నుంచి నాను వడ్డనకి రాను సామీ. మరొకర్ని సూసుకోండి," అని లోపలికి వెళ్ళిపోయాడు. నవ్వినవాళ్ళలో గజపతి కూడా ఉన్నాడు.

సాయంత్రం నీళ్ళకోసం వంటశాల వెనక్కి వెళితే, కట్టెల మోపు పక్కన సన్యాసి నెత్తిన తువ్వాలు కప్పుకుని కూర్చుని కనిపించాడు. అడుగుల చప్పుడుకు మొహం అటు తిప్పుకున్నాడు. గజపతి మనసు చివుక్కుమంది. మోగుతున్న ఫోనును దిండు కింద తోసేసి తాను కూర్చునే తీరు సరిగ్గా ఇదే. చెంబుతో నీళ్ళు ముంచుకోవడం కూడా మరిచి అలాగే నిలబడిపోయాడు.

ఇంతలో స్వామి వచ్చి కట్టెల మోపు మీదే, సన్యాసి పక్కన కూర్చున్నారు. "నువ్వేం తప్పు చెయ్యలేదురా. ఏళ్ళ తరబడి పెట్టడం నేర్చిన చెయ్యి అది. నేను గరిటె కోయించి చేతులు దులుపుకున్నాను. ఆ చేతి పక్కన నిలబడాలని నాకు తోచలేదు. రేపు రా."

"మళ్ళీ అలాగే పెట్టేస్తానేమో సామీ."

"పెట్టేస్తావు. అందుకే రమ్మంటున్నాను."

మర్నాడు మధ్యాహ్నం స్వామి తన గదిలో తినకుండా పంక్తి మొదట్లో విస్తరి వేయించుకున్నారు. సన్యాసి తలవంచుకునే వచ్చాడు. ఒక గరిటె పెట్టాడు. రెండో గరిటె లేచింది. స్వామి విస్తరి మీద అరచెయ్యి అడ్డం పెట్టి, "చాలు నాయనా," అన్నారు. ఆ మాట ఆ పంక్తిలో ఎవరూ విని ఎరగరు. అందరూ నివ్వెరపోయారు. సన్యాసి చెయ్యి గాలిలో ఆగింది, దాన్ని తనే తొలిసారి చూస్తున్నట్టు చూశాడు. పక్క శిష్యుడు జంకుతూనే చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ పక్కవాడూ పెట్టాడు. మధ్యలో రెండుచోట్ల సన్యాసి మరిచి రెండోది పెట్టేశాడు, నాలిక కరుచుకున్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. గజపతి దగ్గరకు వచ్చేసరికి ఒక గరిటె పెట్టి, తనే ఆగి, "సాలునా బాబూ?" అని అడిగాడు.

"చాలు," అన్నాడు గజపతి.

చేతులు కడుక్కునే చోట గజపతి స్వామికి నీళ్ళు పోశాడు. తన ప్రశ్నకు జవాబు ఇంకా రాలేదని గుర్తు చెయ్యాలా వద్దా అని తటపటాయిస్తున్నాడు. స్వామి తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, తలుపులోంచి కనిపిస్తున్న నిన్నటి కూజా వైపు ఒకసారి, అతని మొహంలోకి ఒకసారి చూశారు.

"సన్యాసి వడ్డనకు వచ్చేశాడు. మీ డాక్టరమ్మ దగ్గరకు నువ్వెప్పుడు?"