పక్కపొగ

"స్కానింగు బొమ్మలో ఏమీ కనిపించనప్పుడు, నొప్పి ఉందనే మనిషిని ఎంతవరకు నమ్మాలి సార్?" అని అడిగింది హిమజ. కీళ్లజబ్బుల పెద్ద డాక్టరు పరాంకుశం గారి దగ్గర ఆమె రెండేళ్లుగా పని నేర్చుకుంటోంది. ఆయన ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పే మనిషి కాదు.

"ఆమె ఇంకా ఇక్కడే ఉందా?" అన్నారు.

ఉంది. పేరు సాయవ్వ, బీడీలు చుట్టి బతుకుతుంది. పొద్దున లేవగానే వేళ్ల కణుపులు బిగుసుకుపోతున్నాయని వచ్చింది. మొదటి స్కానింగులో కణుపులు మామూలుగానే ఉన్నాయి. లోపల సన్నని రక్తనాళాలు కారుతున్నాయో లేదో తెలియాలంటే నరంలోకి మందు ఎక్కించి మళ్లీ స్కానింగు తీయాలి. దానికి ఆమె ససేమిరా అంది. పని ఎగ్గొట్టడానికి నటిస్తోందని హిమజ అనుమానం. 'జబ్బు లేదు' అని రాసి పంపడమే తరువాయి. అలా రాస్తే, ఆ వేళ్లు వంకర తిరిగేదాకా వాటిని ఇంకెవరూ చూడరు.

సారు హిమజను వెంటబెట్టుకుని వెళ్లేసరికి సాయవ్వ చేతులు కొంగులో దాచుకుని కూర్చుంది.

"ఎందుకు వద్దంటున్నావమ్మా?"

"మందు పెట్టి తీస్తమన్నరు గద సారూ! మా ఏరాలు పులుసుల పెట్టిన మందే ఇంక దిగలే. మళ్ల మీరు గూడ పెడ్తరా?"

తోడికోడలు తిండిలో ఏదో కలిపి తన చేతులు పడేసిందని ఆమె గట్టి నమ్మకం. హిమజకు నవ్వొచ్చింది. సారు నవ్వలేదు, స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"బీడీ ఆకుకు కంటికి ఆనని బొక్క ఉంటే ఎట్లా తెలుస్తుంది?"

"చుట్టినంక ఏం తెలుస్తది? ముట్టించి గుంజితే పక్కకెల్లి పొగొస్తది."

"నీ కణుపుల్లో అదే చూద్దామని."

సాయవ్వ చేతులు కొంగులోంచి తీసి చూసుకుంది. "పొగేది మరి?"

"ఈ మందే. రక్తంలో కలిసి పోతుంది. నాళం కారుతున్నచోట బయటపడుతుంది."

"అయితే సీసా మూత నా ముందల్నే తియ్యాలె. ఈ నవ్వే పిల్ల గాదు, మీరే తియ్యాలె."

ఆయన అట్లాగే తీశారు. మందు ఎక్కిన నిమిషంలోపే, నల్లగా ఉన్న బొమ్మలో మూడు కణుపుల చుట్టూ తెల్లగా కమ్ముకొచ్చింది. హిమజ తల దించుకుంది.

"తప్పు నాదే సార్. ఇకమీదట ఎవరినీ అనుమానించను."

"అనుమానం మానకు," అన్నారు సారు. "వరస మార్చుకో. ముందు బొమ్మను, తర్వాతే మనిషిని."