వీరమల్లు లెవెల్ పెరిగిన విధం

మా వీధి చివరి డాబాలో పేరయ్య, అతని భార్య వరాలు, తమ్ముడు సోమేలు ఉండేవారు. ఊరి తెలివంతా తమ ఇంట్లోనే ఉందని ముగ్గురికీ గట్టి నమ్మకం. ఫ్యాను అలిసిపోతుందని మధ్యాహ్నం గంటసేపు ఆపేసి, చెమటలు కారుతున్నా ముగ్గురూ వంతులవారీగా దానికి విసనకర్రతో విసిరేవారు.

వాళ్ళ మేడ గదిలో అద్దెకుండే లెక్కల మాష్టారు కామేశంగారు ఆదివారాలు వీళ్ళతో ఓ ఆట ఆడించేవారు. ఆయన కథ చెబుతారు. ఆ కథలో తమ వీరుడు ఏం చేస్తాడో వీళ్ళు చెప్పాలి. పని అయిందో లేదో పాచికలు తేలుస్తాయి. వీరుడి బలం ఒక కాగితం మీద రాసి ఉంటుంది. ముగ్గురికీ కలిపి ఒకడే వీరుడు, పేరు వీరమల్లు. వరాలుకి వాడంటే ప్రాణం. రోజూ సాయంత్రం ఆ కాగితానికి దిష్టి తీసేది.

"ఎవర్నయినా ఓడిస్తే పది మార్కులు. వంద మార్కులకి ఒక లెవెల్ పెరుగుతాడు" అన్నారు మాష్టారు మొదటి వారం.

ఇంకేముంది, కథలో నది దాటుతూ మధ్యలో పడవవాణ్ణి వీరమల్లు చేత కొట్టించారు.

"వాడు మిమ్మల్ని ఒడ్డు చేర్చేవాడు కదండీ. ఇప్పుడు పడవెవరు నడుపుతారు?"

"దానికెన్ని మార్కులండీ?" అన్నాడు పేరయ్య.

మాష్టారు తల పట్టుకుని, రెండో వారం పద్ధతి మార్చారు. "మార్కులు లేవు. కథలో పెద్ద ఘట్టం దాటితేనే లెవెల్. కోట గుమ్మం దాటండి, ఒకటి పెంచుతాను."

అంతే, వీరమల్లు లోపలికి దాటాడు, బయటికి దాటాడు, మళ్ళీ లోపలికి దాటాడు.

"నలభైసార్లయిందండీ, రాసుకోండి" అన్నాడు సోమేలు. కాపలావాళ్ళు వీరమల్లుని పిచ్చివాడనుకుని బయటికి గెంటేశారు.

మూడో వారం మాష్టారికి ఓపిక అయిపోయింది. "ఇక ఏ విద్య సాధన చేస్తే ఆ విద్యే పెరుగుతుంది. వచ్చే ఆదివారం రాక్షసుడితో పోరు. ఈత, కత్తి, ధైర్యం మూడూ లెవెల్ ఐదుకి రావాలి. లేకపోతే వీరమల్లు చచ్చిపోతాడు."

వరాలు గబుక్కున కాగితాన్ని కొంగులో దాచుకుంది. "ఏవండీ, మన మల్లుకి మనమే సాధన చేయించాలి" అంది.

మర్నాడే కాగితానికి దారం కట్టి కాలవలో వదిలారు. సిరా అంతా కారిపోయింది.

"చూశావా వదినా, ఎలా చెమట పట్టిందో. బాగా ఈదాడు" అన్నాడు సోమేలు.

తరవాత కత్తి విద్య. కత్తిపీటకి ఎదురుగా నిలబెట్టి పేరయ్య ముందుకి తోశాడు. వీరమల్లు రెండు ముక్కలయ్యాడు. వరాలు ఏడుస్తూ అన్నం మెతుకులు పెట్టి అతికించింది.

ఇక ధైర్యం మిగిలింది. పక్కింటివాళ్ళ మేక ముందు నిలబెట్టారు. మెతుకుల వాసనకి మేక దగ్గరకొచ్చింది. వీరమల్లు బెదరలేదు.

"అడుగు వెనక్కి వెయ్యలేదు, అదీ మగతనం" అని పేరయ్య అంటూ ఉండగానే మేక వాణ్ణి నమిలి మింగేసింది.

వరాలు నాలుగు రోజులు అన్నం ముట్టలేదు. ఆదివారం ముగ్గురూ మేకని మేడ ఎక్కించి, వీరమల్లు కాగితం పెట్టే కుర్చీలో దాన్ని కూర్చోబెట్టారు.

"మల్లు లోపలున్నాడండీ" అంది వరాలు వెక్కుతూ.

సంగతంతా విని మాష్టారికి నవ్వొచ్చింది, జాలీ వేసింది. కొత్త కాగితం తీసి, వీరమల్లు, అన్ని విద్యల్లో లెవెల్ ఐదు అని రాసి ఆమె చేతిలో పెట్టారు.

పాచికలు పడ్డాయి. రాక్షసుడు కూలిపోయాడు. వరాలు ఆనందం పట్టలేక కాగితాన్ని గుండెలకి హత్తుకుంది.

"ఈ గెలుపుతో లెవెల్ ఆరు. ఇక జాగ్రత్తగా చూసుకోండమ్మా" అన్నారు మాష్టారు.

"అలాగేనండీ. ఏ సాధన పనిచేసిందో ఇప్పుడు తెలిసిపోయిందిగా" అంది వరాలు.

కాగితాన్ని ముద్దు పెట్టుకుని, రెండు మెతుకులు అంటించి, మేక నోటికి అందించింది.

"ఒక్కసారి వెళ్ళొస్తేనే ఐదుకొచ్చావు నాయనా. ఈసారి పదికి వచ్చెయ్యి."