ముందు నడిచిన నూకరత్నం

"వెనకబడినవాళ్ల కోసం ఎంతసేపు ఆగాలండీ?" అని చక్రధర్ ఒకసారి గౌరీపతి గారిని అడిగాడు. గౌరీపతి గారు డ్రిల్లు మాస్టారుగా రిటైరైన మనిషి. ఆదివారాలు తెల్లవారకముందే విశాఖలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఒక కొండ మీదికి జనాన్ని తీసుకెళ్లి సూర్యోదయం చూపించేవారు. చక్రధర్ ఆయన దగ్గర ఆ పని నేర్చుకుంటున్నాడు. అడిగిన వెంటనే జవాబు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. "ఈ ఆదివారం నువ్వే ముందు నడు, చూద్దాం" అన్నారు.

ఆ రోజు నేనూ వెళ్లాను. మా కాలేజీ రోజుల్లో సాయంత్రాలు ఆ కొండెక్కి, రేవులో ఓడలు ఏ దేశానివోనని గొంతు చించుకుని వాదించుకునేవాళ్లం. ఒక్కడికీ తెలిసేది కాదు. అది వేరే సంగతి.

మాతో నూకరత్నం అనే ఆవిడ వచ్చింది. మోకాలి ఆపరేషను అయి కోలుకున్న మనిషి. కొండకు పడమటి దిక్కున కాపురం. "మా ఈదికి ఎండ ఎప్పుడూ ఆలీసంగానే వస్తాది బాబూ. కొండ దాటి రావాల గదా. ఒక్కపాలి సముద్రంలోంచి లెగిసినప్పుడు సూడాల" అంది. ఇంట్లోవాళ్లు నవ్వారట. అయినా వచ్చింది.

చక్రధర్ టార్చి పట్టుకుని చురుగ్గా నడిచాడు. పిల్లవాడు మర్యాద తెలిసినవాడే. మలుపు వచ్చినప్పుడల్లా అందరినీ ఆపేవాడు. మేము రాళ్ల మీద కూర్చుని, నీళ్లు తాగి, కబుర్లు చెప్పుకునేవాళ్లం. నూకరత్నం రొప్పుతూ వచ్చేది. "వచ్చేశారా అమ్మా? ఇక పదండి" అనేవాడు. అందరం లేచేవాళ్లం.

సగం దారిలో ఆవిడ కూలబడింది. "మీరెళ్లండి బాబూ. నా వల్ల కాదు."

తూర్పున అప్పుడే తెలుపు కమ్ముతోంది. చక్రధర్ ముఖం వాడిపోయింది. "ప్రతి మలుపులోనూ ఆగాం కదండీ" అన్నాడు.

"మీరు ఆగారు. ఆవిడ ఆగిందా?" అన్నారు గౌరీపతి గారు.

కాసేపు అందరం ఆవిడతోనే కూర్చున్నాం. తర్వాత చక్రధర్ టార్చి ఆవిడ చేతికిచ్చి, తాను అందరికన్నా వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

"అయితే సూర్యుణ్ణి టిఫిన్ చేశాక చూద్దాం" అన్నాడు వంశీ అనే బ్యాంకు ఉద్యోగి.

"ఊపిరి దాసుకో నాయనా, మెట్టెక్కడానికి పనికొస్తాది" అంది నూకరత్నం, లేస్తూ.

ఆవిడ ఆగితే అందరం ఆగాం. ఆవిడ నడిస్తే నడిచాం. "పదండి" అనేవాళ్లు ఎవరూ లేరు. మొదట్లో తరచూ ఆగింది. రానురాను ఆగడం తగ్గింది. చివరి ఎత్తులో వంశీయే నడుం పట్టుకుని నిలబడ్డాడు.

శిఖరం మీద మొదట కనిపించింది ఆవిడ చీర కొంగు, గాలికి ఎగురుతూ. సముద్రం వైపు తిరిగి చూసి, మళ్లీ మా వైపు వంగి కేకేసింది.

"రండి రండి, ఇంకా లెగనేదు. బ్యాంకు బాబుకి చెయ్యందించండి."

మేమంతా పైకి చేరాక ఎర్రటి అంచు నీటి మీదికి వచ్చింది. రేవులో క్రేన్లు, ఓడలు, ఊరి మేడలు ఒకదాని తర్వాత ఒకటి వెలిగాయి. నూకరత్నం రెండు చేతులూ పైకెత్తి నిలబడింది. ఎవరు మొదలుపెట్టారో గాని, అందరం చప్పట్లు కొట్టాం.

ఆఖరున వచ్చిన చక్రధర్ గురువుగారి పక్కన చేరాడు.

"ఆవిడకి అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?"

"ఎక్కణ్ణుంచీ రాలేదు. ఉన్నదాన్ని మనం లాక్కోవడం మానేశాం" అన్నారాయన.