చుక్కమ్మ రేవు, సింగారయ్య తెల్లరాయి

ఏరు వంపు తిరిగే చోట జంతువులు ఒక్కొక్కటే వచ్చి కాపురాలు పెట్టగా పెట్టగా అదొక పట్నమై కూర్చుంది. ఆ ఏడు ఆ పట్నంలో ఎవరి నోట విన్నా ఒకటే ముచ్చట, ఏటి ఒడ్డున సింగారయ్య కడుతున్న మేడలు. కింద కొట్లు, పైన కాపురాలు, ముందు నీళ్ళ పక్కన అందరూ వచ్చి కూర్చునే జాగా. కోతులు అప్పుడే అరటిపళ్ళ కొట్టు నాదంటే నాదని జుట్లు పట్టుకుంటున్నాయి. ఉడతలకి పై అంతస్తు తప్ప వద్దట. సింగారయ్యంటే గుంటనక్క. పగలంతా బొరియలో నిద్ర, పొద్దువాలాక పెత్తనం.

ఆ సంబరం చుక్కమ్మకీ అంటుకుంది. నుదుట తెల్లచుక్క ఉన్న గేదె ఆవిడ. దున్నపోతు మొగుడు పోయిన దగ్గర్నుంచీ మందని తనే నడుపుకొస్తోంది. తవుడు కొట్టు ఏటి పక్కనే వస్తే ఇంక ఊరంతా తిరిగే బాధ తప్పుద్దని ఆవిడ ఆశ.

ఒక సాయంత్రం సింగారయ్య బంకమట్టితో చేసిన నమూనా తెచ్చి పెద్దయ్య ముందు పెట్టాడు. పెద్దయ్యంటే ఏనుగు, ఆ పట్నానికి ఆయన మాటే మాట. అందరూ మీదపడి చూశారు. చుక్కమ్మ కూడా మెడ దూర్చి చూసింది. మేడలున్నాయి, పూలకుండీలున్నాయి, ఏటి వెంబడి తెల్లరాయి పరిచిన పే...ద్ద అరుగు ఉంది. అంతా బానే ఉంది.

"మధ్యాహ్నం మేం పడుకునే రేవేదయ్యా?" అంది.

"అదే కదా వదినా ఈ అరుగు. బురద పూడ్చేసి, ఆ నేరేడు చెట్లు కొట్టేసి, పైన రాయి వేస్తాం. కొండ అవతల నుంచి నెమలి దొర, జింకలు వచ్చి ఇళ్ళు తీసుకుంటారు. వాళ్ళ కళ్ళముందు మీరు బురదలో పొర్లుతుంటే ఏం బాగుంటుంది చెప్పు."

మరి మేమెక్కడ పడుకోవాలి అంటే, మేడల వెనక తొట్టి కట్టిస్తాన్లే అన్నాడు. తొట్టిలో గేదె తలకాయ పట్టుద్దిగాని గేదె పట్టదు. ఎండాకాలం మధ్యాహ్నం ఒళ్ళు మునిగేదాకా నీళ్ళలో పడుకోకపోతే గేదె వడదెబ్బకి పోద్ది. అది పుట్టిన దూడకి కూడా తెలుసు.

మందలో కుర్రగేదెలు కొమ్ములు ఝాడించి, పోయి మేడలు కుమ్మేద్దాం పద అన్నాయి. చుక్కమ్మ కసిరింది. కుమ్మేస్తే తవుడు కొట్టు కూడా పోద్ది కదర్రా మొద్దుల్లారా అంది. నక్క సంగతంతా చాలాసేపు నెమరేసి నెమరేసి చివరికి ఒకటి పట్టుకుంది. ఈ నక్క ఒడ్డుకి ఎప్పుడొచ్చినా చల్లగాలి తగిలే వేళకే వస్తాడు. మిట్టమధ్యాహ్నం ఇక్కడ కాలు పెట్టిన పాపాన పోలేదు.

కొన్నాళ్ళకి ఒకరోజు పొద్దువాలాక సింగారయ్య దగ్గరికి వెళ్ళింది. మేడల ముందు అప్పటికే సగం ఒడ్డుకి తెల్లరాయి పరిచేశారు. రేవు, నేరేడు చెట్లు ఉన్న రెండో సగం ఇంకా మిగిలుంది. చుక్కమ్మ రాయిని అటు నుంచీ ఇటు నుంచీ చూసి, ఇంత తెలుపు పాలలో కూడా చూళ్ళేదంది. గేదె నోట ఆ మాట విని సింగారయ్య తోక కుచ్చులా ఉబ్బింది. ఈ అరుగుని పండగలా మొదలుపెట్టేద్దామనీ, దీపాల వేళకి కొండవాళ్ళని పిలుస్తున్నాననీ చెప్పాడు.

"దీపాల వేళ దోమలు లేస్తాయి సింగారయ్యా. నెమలి దొరని దోమలు కుట్టాయంటే ఇల్లు తీసుకుంటాడా? మధ్యాహ్నం పెట్టు. నీ రాయి ఎండకి తళతళమంటుంటే కొండ మీదకే కనపడుద్ది."

ఒక్క రోజుకి నిద్ర మానుకుంటే ఏం పోయిందిలే అనుకున్నాడు నక్క. చుక్కమ్మ అక్కడితో వదల్లేదు. పెద్దయ్య దగ్గరికి తీసుకెళ్ళి నిలబెట్టింది. అందరి జాగా ఏదో నువ్వూ నేనూ తేల్చడం దేనికి, ఆ రోజు వచ్చినోళ్ళు ఎక్కడ కూర్చుంటే అదే అందరి జాగా, అప్పటిదాకా రేవు జోలికి రావద్దు అంది. రాయి ముందు బురదా అని నక్క పడీపడీ నవ్వి, సరే అన్నాడు. పెద్దయ్య తొండం ఊపాడు.

ఆ రోజు చూడాలి సందడి. వడ్రంగిపిట్టలు డప్పు కొడుతున్నాయి, కోతులు తోరణాలకి వేలాడుతున్నాయి. సింగారయ్య మెడలో దండ, మొహాన నిద్రమత్తు. ఎండ నిప్పులు చెరుగుతోంది. నెమలి దొర పింఛం ఈడ్చుకుంటూ వచ్చి తెల్లరాయి మీద కాలు పెట్టాడు. ఆ కాలు ఎత్తాడు. రెండోది పెట్టాడు, అదీ ఎత్తాడు. దొరగారు ఆడుతున్నారనుకుని కోతులు చప్పట్లు కొట్టి, తామూ ఆడదామని ఆ రాయి మీదకి దూకాయి. దూకినవి దూకినట్టే పైకి లేచాయి. జింకలు వచ్చిన దారినే గెంతాయి.

ఆ పక్కనే నేరేడు చెట్ల నీడలో గేదెలు నీళ్ళలో ముక్కులు మాత్రం పైకి పెట్టుకుని పడుకున్నాయి. చుక్కమ్మ ఎవర్నీ పిలవలేదు. కాస్త పక్కకి జరిగిందంతే. ముందు పెద్దయ్యే దిగాడు, నీళ్ళు ఒడ్డెక్కేలా. ఆయన వెనక కోతులు. జింకలు నీడలో కాళ్ళు ముడుచుకున్నాయి. నెమలి దొర ఎగిరొచ్చి చుక్కమ్మ వీపు మీద కూర్చుని, ఈ రేవుకి ఎదురుగా ఉండే ఇల్లు ఏదయ్యా, అదే నాకు రాసివ్వు అని కేకేశాడు.

కేకేసింది ఎవర్ని? రాయి మీద ఒక్క సింగారయ్యే మిగిలాడు. ఉపన్యాసం ఇంకా సగం ఉంది. ఒక కాలి మీద ఒక మాట, ఇంకో కాలి మీద ఇంకో మాట చెప్పి చూశాడు. ఆఖరికి దండ అక్కడే పారేసి పరిగెత్తుకొచ్చి బురదలో పడ్డాడు.

"జరుగు వదినా, చచ్చిపోతున్నా."

"నా చోటేం కాదుగా అబ్బాయ్ జరగడానికి. పెద్దయ్యని అడుగు."

పెద్దయ్య తొండంతో నీళ్ళు చిమ్ముకుంటూ, "సింగారయ్యా, అందరూ ఎక్కడ కూర్చున్నారు?" అన్నాడు.

నక్క మూతికి బురద. చుట్టూ చూసి, "ఇక్కడే పెద్దయ్యా" అన్నాడు.

తీర్పు అయిపోయింది. మేడలు ఉంటాయి, కొట్లు ఉంటాయి. రేవు, చెట్లు కదలవు. ఒడ్డున పరిచిన రాయంతా పీకి కొట్లలో నేలకి వేయాలి, ఆ జాగాలో మొక్కలు నాటాలి. ఆ పని దగ్గర సింగారయ్యే నిలబడాలి, అదీ పగటిపూట.

పది మంది కూర్చునే చోటు కట్టాలనుకున్నవాడు, వాళ్ళు కూర్చునే వేళకి ముందు తను వెళ్ళి కూర్చుని చూడాలి.