స్తంభానికి కట్టిన తాడు

ఆ ఫొటోలో నీలాద్రికి అడ్డంగా ఉన్నది ఒక్కటే. ఒక తాడు.

ట్యునీషియా తూర్పు తీరంలో, ఒక చిన్న ఊరికి అరగంట నడక దూరంలో, సముద్రం మీదికి నిటారుగా తెగిన చరియ ఉంది. దాని అంచున నాలుగు రోమన్ స్తంభాలు నిలబడి ఉన్నాయి. పైకప్పు ఎప్పుడో పడిపోయింది. టికెట్టు లేదు, కాపలా లేదు. స్తంభాల మధ్య నుంచి చూస్తే నీళ్లు, ఆకాశం తప్ప మరేమీ కనిపించవు. ఆ వేసవిలో పొద్దు సరిగ్గా రెండో స్తంభానికీ మూడో స్తంభానికీ మధ్య పొడుస్తోంది. ఆ మొదటి వెలుగు నాలుగైదు నిమిషాలే ఉంటుంది.

మూడో స్తంభం మొదట్లో నీలిరంగు నైలాన్ తాడు. రెండు చుట్లు చుట్టి, రెండు ముడులు వేసి ఉంది. మిగతా తాడు ఎండుగడ్డిలోంచి పాక్కుంటూ పోయి, అంచు దగ్గరి ముళ్లపొదల్లో మాయమవుతుంది.

నీలాద్రి రెండు రోజులు అవస్థ పడ్డాడు. వంగి తీశాడు, పక్కకు జరిగి తీశాడు, నేలమీద పడుకుని తీశాడు. ఎటు నుంచి తీసినా తాడు పడుతోంది. కంప్యూటర్లో చెరిపేస్తే ఒప్పుకోమని పుస్తకం వేసేవాళ్లు ముందే చెప్పారు. చెప్పకపోయినా అతను చెరపడు. తీశాక చెరిపితే మోసం, తీయకముందే సాఫు చేసుకుంటే పనితనం అని అతని నమ్మకం.

ఈ ప్రయాణంలో అలా చాలానే సాఫు చేశాడు. నాటకశాల మెట్ల మీద నీళ్లసీసాలు ఏరేశాడు. స్నానశాల గోడల మధ్య మేస్తున్న గాడిదను తోలేశాడు. ఒక తోరణం కింద కూర్చున్న ముసలాయన లేచి వెళ్లేదాకా గంటన్నర ఎండలో నిలబడ్డాడు.

వెంట గఫార్ మాస్టారు ఉన్నారు. ఆయనకు డెబ్బై ఒకటి. బందరు కోనేరు సెంటర్ దగ్గర నలభై ఏళ్లు స్టూడియో నడిపి, ఈమధ్యే మూసేశారు. నీలాద్రి పంతొమ్మిదో ఏట ఆయన దగ్గర చేరాడు. కెమెరా పట్టుకోవడం దగ్గర్నుంచి అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. మధ్యధరా సముద్రం ఒడ్డునున్న రోమన్ కట్టడాల మీద పుస్తకానికి ఫొటోలు తీసే పని దొరికినప్పుడు, ఖర్చు తనదే అని చెప్పి, మాస్టారిని కూడా తీసుకొచ్చాడు. మాస్టారు విమానం ఎక్కడం అదే మొదలు. కిటికీ అద్దానికి కింద అంత చిన్న చిల్లు ఎందుకు పెట్టారని ఆయన ముగ్గురిని అడిగి, చివరికి పైలట్‌కి చీటీ రాసి పంపారు.

నీలాద్రికి ఒక ఆశ ఉంది. పదిహేడేళ్లలో మాస్టారు అతని ఫొటో చూసి ‘బాగుంది’ అన్న రోజు లేదు. ఈసారైనా అంటారేమోనని ప్రతి సాయంత్రం కెమెరా తెచ్చి ఆయన చేతిలో పెట్టేవాడు. మాస్టారు కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని ఒక్కో బొమ్మా దగ్గరగా పెట్టుకుని చూసేవారు. చూసి, ఏదో ఒకటి అడిగేవారు.

“ఈ స్నానాల నీళ్లు వాడాక ఎటు పోయేవి?”

“తెలీదు మాస్టారూ.”

“ఇక్కడ పేడ ఉంది. జంతువేది?”

“గాడిద. తోలేశాను.”

“ఎవరిది?”

“ఎవరిదో.”

మాస్టారు తల ఊపి తర్వాతి బొమ్మకు వెళ్లేవారు. నీలాద్రికి లోపల చిరాకు పుట్టేది. వెలుగు ఎంత అందంగా పడిందో, ఎంత ఓపిగ్గా ఆగి తీశాడో ఒక్క మాట లేదు. మాస్టారికి వయసు మీదపడింది, ఇప్పుడు ఆయనకు ఫొటో కనిపించడం లేదు, ఫొటోలో వస్తువులే కనిపిస్తున్నాయి అనుకున్నాడు. 

ఈ చరియ దగ్గరికి వచ్చిన మొదటి రోజు కూడా అంతే. నీలాద్రి ఆకాశం చూస్తుంటే మాస్టారు మూడో స్తంభం దగ్గర చతికిలబడి కూర్చున్నారు. స్తంభం మొదట్లో, తాడుకు కాస్త పైన, రాయి చుట్టూ నాలుగైదు గాడులు ఉన్నాయి. ఒకదానిపైన ఒకటి, నున్నగా, వేలు పట్టేంత లోతున.

“ఇవేమిటి?” అన్నారు మాస్టారు, వేలు పెట్టి తిప్పుతూ.

“చెక్కడం మాస్టారూ. అలంకారం.” నీలాద్రి నోట్‌బుక్కులో కూడా అలాగే రాసుకున్నాడు.

“మిగతా మూడింటికీ లేదే,” అన్నారు మాస్టారు. నీలాద్రి వినిపించుకోలేదు.

మూడో రోజు ఆఖరిది. పది గంటలకు బస్సు. ఇద్దరూ చీకటి విచ్చుకుంటుండగా చరియ దగ్గరికి చేరారు. నీలాద్రి స్తంభాలకు ఇరవై అడుగుల వెనక స్టాండు నిలబెట్టి, కెమెరా బిగించి, అందులోంచి చూశాడు. ఆకాశం అడుగున ఎరుపు మొదలైంది. ఒక్క మబ్బు లేదు. గాలి లేదు. ఇలాంటి పొద్దు మళ్లీ దొరకదని అతనికి తెలుసు. పుస్తకం అట్టమీద వేయాల్సిన బొమ్మ ఇదేనని కూడా తెలుసు.

మాస్టారు ఒక రాయి మీద కూర్చుని ఫ్లాస్కులోంచి టీ వంచుకుంటున్నారు.

నీలాద్రి వెళ్లి స్తంభం ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఉప్పుగాలికి ముడులు రాయిలా బిగిసి ఉన్నాయి. గది తాళంచెవి దూర్చి మొదటిది వదులు చేశాడు. విడిపోయింది. రెండోది ఇంకా మొండిగా ఉంది. గోరు చిట్లింది. అయినా వదల్లేదు. అదీ విడిపోయింది. ఇక రెండు చుట్లూ తిప్పి తీసేస్తే స్తంభం సాఫు.

అడుగుల చప్పుడు వినిపించింది.

“మాస్టారూ, ఫ్రేమ్‌లోకి వస్తున్నారు.”

“ఆ,” అన్నారు ఆయన. వచ్చేశారు. టీ కప్పు పక్కన పెట్టి, విడిపోయిన తాడు కొసను రెండు చేతులతో పట్టుకుని, స్తంభం మొదలుకు పాదం ఆనించి నేలమీద కూర్చున్నారు.

“ఎవరిది ఇది?”

“ఎవరిదో మాస్టారూ. రెండు రోజుల నుంచీ ఇలాగే పడి ఉంది. ఫొటో అయ్యాక మళ్లీ కట్టేస్తాను.”

“రెండో కొస ఎక్కడుంది?”

“కింద ఎక్కడో. పడవవాళ్లు వదిలేసి ఉంటారు.”

“చూశావా?”

చూడలేదు. అంచు దగ్గర మట్టి పెళుసుగా ఉందని అటు పోలేదు. పోవలసిన పని ఉందనీ అనుకోలేదు.

“టైం లేదు. రెండు మూడు నిమిషాల్లో పొద్దు వచ్చేస్తుంది. వదిలేయండి మాస్టారూ.”

“వదులుతాను. చుట్లు తీసే ముందు ఒక్కసారి లాగి చూడు.”

 వాదిస్తే ఇంకో నిమిషం పోతుంది. నీలాద్రి స్తంభానికి అవతల, అంచు వైపుగా వెళ్లి, గడ్డిలో పడి ఉన్న తాడు చేతిలోకి తీసుకుని రెండుసార్లు లాగాడు. కాస్త బరువుగా అనిపించింది. అంతే. కింద అలల హోరు తప్ప ఏమీ లేదు. ‘చూశారా’ అనబోతూ మాస్టారి వైపు తిరిగాడు.

తాడు అతని చేతిలో కదిలింది.

కింది నుంచి ఎవరో రెండుసార్లు లాగారు.

 నీలాద్రి ఏమైనా అనేలోపే తాడు బిగుసుకుంది. గడ్డి మీది నుంచి లేచి తీగలా నిలబడింది. స్తంభం చుట్టూ ఉన్న రెండు చుట్లూ కీచుమంటూ జానెడు జారాయి. మాస్టారు కూర్చున్నచోటే ముందుకు ఈడ్చుకుపోయారు.

“వచ్చి పట్టుకో,” అన్నారాయన. గొంతు పెంచలేదు.

నీలాద్రి పరుగున వచ్చి ఆయన వెనక కూర్చుని తాడు అందుకున్నాడు. తాడు ఆగింది.

“గుంజకు. బిగించి ఉంచు, చాలు.”

అప్పుడే పొద్దు పొడిచింది. రెండో స్తంభానికీ మూడో స్తంభానికీ మధ్య, అనుకున్నచోటే. వెలుగు రాళ్ల మీదికి, గడ్డి మీదికి, మాస్టారి తెల్లటి గడ్డం మీదికి పాకింది. వెనక ఇరవై అడుగుల దూరంలో స్టాండు మీద కెమెరా ఉంది. నీలాద్రికి దాని వైపు తల తిప్పాలని కూడా తోచలేదు. అతను పొదల వైపే చూస్తున్నాడు. తాడు ఒకసారి వణికితే అతని భుజాలూ వణికాయి.

చాలాసేపటికి పొదల్లో ఎర్రటి తలగుడ్డ కనిపించింది. తర్వాత ఒక చెయ్యి. తర్వాత యాభై ఏళ్ల ఆడమనిషి, నడుముకు గోనెసంచి కట్టుకుని, మోకాళ్ల మీద పైకి పాకి వచ్చింది. పైన తనవాళ్లెవరో పిలుస్తున్నారనుకుని వచ్చినట్టుంది. ఇద్దరు కొత్తవాళ్లను చూసి ఆగిపోయింది. తర్వాత వాళ్ల చేతుల్లో విడిపోయిన తాడు కొస చూసింది.

“అస్సలాము అలైకుమ్, అమ్మా,” అన్నారు మాస్టారు.

ఆమె బదులు చెప్పింది గానీ చూపు తాడు మీదే ఉంది.

నీలాద్రి లేచి నిలబడ్డాడు. గుండె మీద చెయ్యి పెట్టుకుని, “నేనే విప్పాను,” అన్నాడు తెలుగులోనే. ఇంకే భాషా గుర్తు రాలేదు. ఆమెకు అర్థమైంది. అతన్ని చూసింది, స్టాండు మీది కెమెరాను చూసింది, వెనక్కి తిరిగి తాను ఎక్కివచ్చిన అంచును చూసింది. తిట్టలేదు. వచ్చి స్తంభం పక్కన కూర్చుంది. మాస్టారు టీ ఇస్తే తీసుకుంది.  

మాస్టారు ఆమె సంచి వైపు వేలు చూపించి, ఏమిటన్నట్టు చెయ్యి తిప్పారు.

ఆమె సంచి మూతి విప్పింది. లోపల శనగ గింజలంత ఆకుపచ్చ మొగ్గలు. “కబ్బార్,” అంది. చరియ రాళ్ల సందుల్లో పెరిగే ముళ్లతీగకు కాస్తాయని, ఉప్పులో ఊరవేస్తారని చేతులతో చెప్పింది. ఒక మొగ్గ తీసి వేళ్లతో విప్పి, పువ్వును చేసి, పక్కకు విసిరేసింది. పూస్తే పనికిరాదు. ఎండ ముదరకముందే కోయాలి. మాస్టారు ఒకటి నోట్లో వేసుకుని, చేదుకు మొహం ముడిచారు. ఆమె మొదటిసారి నవ్వింది.

మాస్టారు స్తంభం మీది గాడులను చూపించారు.

ఆమె తాడు ఉన్న కింది గాడిలో వేలు పెట్టి, రెండో చెయ్యి తన గుండె మీద పెట్టుకుంది. “మబ్రూకా.” దానిపై గాడిలో పెట్టి, “జోహ్రా,” అంది, ఒళ్లో బిడ్డను ఊపినట్టు చేసి, ఆ బిడ్డ తానేనన్నట్టు చూపించింది. దానిపై గాడిలో పెట్టింది. పేరు కోసం ఆలోచించింది. దొరకలేదు. చెయ్యి భుజం మీదుగా వెనక్కి, వెనక్కి, ఇంకా వెనక్కి ఊపింది.

నీలాద్రి వంగి ఆ గాడిలో వేలు పెట్టాడు. వేలు సరిగ్గా సరిపోయింది.

మబ్రూకా సంచి ఇంకా సగమే నిండింది. లేచి నడుముకు బిగించుకుంది. తాడు స్తంభానికి చుట్టి, ఒక ముడి వేసింది. వేశాక, ఏమనుకుందో, దాన్ని విప్పేసి తాడు కొస నీలాద్రి చేతిలో పెట్టింది.

అతను కట్టాడు. ఆమె ఒక్క లాగు లాగి విప్పేసి, ఎలా కట్టాలో నెమ్మదిగా చూపించింది. మళ్లీ కట్టాడు. మళ్లీ విప్పేసింది. మూడోసారి అతను కట్టింది ఒంటి బరువంతా వేసి లాగి చూసింది. ఆగింది. రెండో ముడి కూడా అతనిచేతే వేయించింది. తర్వాత తాడు పట్టుకుని అంచు దాకా నడిచి, వెనక్కి చూడకుండా దిగిపోయింది.

తాడు బిగుసుకుంది. నీలాద్రి ముడుల మీద రెండు చేతులూ కప్పి కూర్చున్నాడు.

పొద్దు పైకి ఎక్కింది. బంగారం రంగు పోయి తెల్లటి ఎండ వచ్చింది. స్తంభాల నీడలు పొట్టివయ్యాయి. స్టాండు మీద కెమెరాకు మూత కూడా పెట్టలేదు.

“తొమ్మిది దాటింది. బస్సు పోతుంది,” అన్నారు మాస్టారు.

“పోనివ్వండి. ఆవిడ పైకి రావాలి కదా.”

 మాస్టారు, తాడు ఒరుసుకుపోయి కందిన తన అరచేతుల మీద ఫ్లాస్కులో మిగిలిన చల్లారిన టీ పోసుకుంటున్నారు. నీలాద్రి ఆ చేతుల వంక చూశాడు.

“మాస్టారూ, కింద మనిషి ఉందని మీకు ముందే తెలుసా?”

“తెలీదు.”

“మరి తాడు ఎందుకు పట్టుకున్నారు?”

గఫార్ మాస్టారు చేతులు పంచెకు తుడుచుకున్నారు.

“తెలీదు కాబట్టే,” అన్నారు.