ఎడం చూసి బిగించు

పరబ్రహ్మం మాస్టారిని ఎవరైనా ఏదైనా అడిగితే, జవాబు కంటే ముందు చేతికి ఒక పనిముట్టు వచ్చేది. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ వర్క్‌షాపు నడిపి రిటైరైన మనిషి. సామర్లకోట శివార్లో రేకుల షెడ్డు వేసుకుని, సాయంత్రాలు పదిమందికి ఉపనిషత్తులు చెప్పేవారు, పగలు కారు కట్టేవారు. కొనడం కాదు, కట్టడమే. గొట్టాల చట్రం, ఎవరో తీసేసిన పాత వ్యాను ఇంజిను, విడిభాగాలుగా తెప్పించిన ఫైబరు బాడీ. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు కారు కట్టి చూడలేదు గనక ఆ మాట చేర్చలేదని శిష్యులు చాటుగా నవ్వుకునేవారు. వేదాంతం వినడానికి వచ్చినవాళ్ళు చొక్కాకి గ్రీజు అంటించుకుని ఇళ్ళకు పోతుండేవారు.

ఆ శిష్యుల్లో అచ్యుతరామయ్య ఒకడు. పోస్టాఫీసులో పనిచేసి దిగిపోయినవాడు. భార్య పోయేనాటికి కూతురు హైమ పలక పట్టే వయసు. మళ్ళీ పెళ్ళి మాట ఎత్తినవాళ్ళని ఆయన గడప తొక్కనివ్వలేదు. రెండు జడలు వెయ్యడం పక్కింటావిడ దగ్గర నేర్చుకుని, పాపిడి వంకర పోయిందని పిల్ల ఏడిస్తే విప్పి మళ్ళీ వేసేవాడు. ఆ పిల్లని పిఠాపురం ఇచ్చాడు. బస్సెక్కితే అరగంట, దగ్గర సంబంధమని ఏరికోరి చేశాడు. ఆ దగ్గరే కొంప ముంచింది. హైమకి గుత్తివంకాయ ఇష్టమని ఒకరోజు, జలుబు చేసిందేమోనని ఒకరోజు, ఏ వంకా దొరక్కపోతే ఊరికే చూసి పోదామని ఇంకోరోజు, క్యారేజీ పుచ్చుకుని వియ్యంకుల ఇంట్లో దిగేవాడు. దిగితే ఆఖరి బస్సు వేళ దాకా కదిలేవాడు కాదు.

చివరికి ఒకనాడు హైమ వీధి గుమ్మం దాకా వచ్చి మెల్లగా చెప్పింది. "నాన్నా, నువ్వొస్తే నేను మళ్ళీ నీ కూతుర్నే అయిపోతున్నాను. ఈ ఇంట్లో నేనింకా ఏమీ కాలేదు. కొన్నాళ్ళు రాకు."

ఆ రోజు నుంచి రామయ్య పిఠాపురం వైపు చూడలేదు. క్యారేజీ కడిగి అటక మీద బోర్లించాడు. సాయంత్రం అయ్యేసరికి కాళ్ళు వాటంతట అవే బస్టాండు వైపు లాగేవి. ఒక్కడికీ వండుకోబుద్ధి కాక అరటిపళ్ళతో సరిపెట్టుకున్న రాత్రులున్నాయి. అంత బెంగ పెట్టుకుని కూడా, కూతురు ఫోన్ చేస్తే మాత్రం ఎత్తడం మానేశాడు.

ఒక ఉదయం షెడ్డుకి వచ్చి, కూర్చోకుండానే అడిగాడు. "మాస్టారూ, ప్రాణం పెట్టి పెంచుకున్నదానికి దూరంగా ఉండమంటే ఎలాగండీ? దగ్గరగా ఉండటం కాకపోతే ఇంక ప్రేమంటే ఏమిటండీ?"

మాస్టారు ఆయన మొహం ఒకసారి చూసి, చిటికెన వేలంత వస్తువు ఒకటి చేతిలో పెట్టారు. కారుకి అన్నీ అమరాయి, స్పీడోమీటరు ఒక్కటే మిగిలింది. ఎలక్ట్రానిక్ మీటరు గనక దానికో సెన్సర్ కావాలి, చేతిలో పెట్టింది అదే. ఇంజిను నుంచి వెనక చక్రాలకు పోయే షాఫ్టు తిరుగుతున్నప్పుడు, దాని మీది బోల్టుల తలలు ఒక్కొక్కటే సెన్సర్ ముక్కు ముందు నుంచి దాటిపోతాయి. దాటిన ప్రతిసారీ సెన్సర్ తీగ వెంట ఒక కబురు పంపుతుంది. ఆ కబుర్లను బట్టి మీటర్లో సూది కదులుతుంది. ఇదంతా చెప్పి, "కాస్త ఎడం చూసి బిగించు" అని మాస్టారు స్నానానికి వెళ్ళారు.

రామయ్య కారు కింద దూరి, షాఫ్టుకి ఎడమ పక్కన స్థలం వెతికి, బోల్టు కబురు బాగా వినబడాలని సెన్సర్ ముక్కుని దాని తలకి ఆనించి మరీ బిగించాడు. మాస్టారు వచ్చి, వెనక చక్రాలు జాకీల మీద లేపి ఇంజిను వేశారు. టక్కుమంది. సెన్సర్ ముక్కు విరిగి కిందపడింది.

"ఎడం చూసి పెట్టమన్నాను కదయ్యా."

"ఎడంవైపే పెట్టానండి."

మాస్టారు నవ్వు ఆపుకోలేక టైరు మీద కూర్చున్నారు. "ఎడమ కాదు నాయనా, ఎడం. రెంటికీ మధ్య ఉండేది." నవ్వు తగ్గాక రెండో సెన్సర్ తీసిచ్చారు.

రామయ్యకి చిన్నతనమైంది. ఈసారి పెదవి బిగించి, సెన్సర్ని వేలెడు దూరానికి జరిపి బిగించాడు. ఆ పనిలో ఉండగానే జేబులో ఫోను మోగింది. తీసి చూస్తే హైమ. మోగినంతసేపూ దాని వంకే చూసి, ఆగాక జేబులో పెట్టుకున్నాడు. ఇంజిను వేశారు. షాఫ్టు గిర్రున తిరుగుతోంది, సూది మాత్రం పడుకునే ఉంది.

మాస్టారు కిందికి వంగి ఆ సందు చూశారు. "ఇది ఎడం కాదు రామయ్యా, అలక."

రామయ్య మళ్ళీ నట్టు వదులు చేశాడు. మాస్టారు సెన్సర్ వచ్చిన అట్టపెట్టె మూత చింపి ముక్క చేసి ఇచ్చారు. బోల్టుకీ సెన్సర్‌కీ మధ్య ఆ అట్టముక్క పెట్టి, నట్టు బిగించి, దాన్ని లాగెయ్యమన్నారు. మూడోసారి ఇంజిను వెయ్యగానే సూది ఉలిక్కిపడి లేచింది. అది ముప్పై దగ్గర నిలబడి సన్నగా వణుకుతుంటే, తనలో ఏం కదిలిందో గాని రామయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

"పద, రోడ్డు మీద చూద్దాం" అని మాస్టారు చక్రాలు దించి, తానే నడుపుతూ కారుని పిఠాపురం దారి పట్టించారు. రామయ్య వద్దనలేదు. ఊరు దగ్గరయ్యేకొద్దీ ఒళ్ళో చేతులు నలుపుకోవడం మొదలుపెట్టాడు. కారు హైమ ఉండే వీధిలోకి తిరిగేసరికి, తలుపుల్లేని ఆ వింత కారుని చూడటానికి వీధి వీధంతా బయటికి వచ్చింది. హైమా వచ్చింది.

"ఫోనెత్తవేం నాన్నా? కొన్నాళ్ళు రావద్దన్నాను గాని మాట్లాడొద్దన్నానా?" అంది.

"తప్పేనమ్మా" అన్నాడు రామయ్య.

లోపలినుంచి అత్తగారు ఎవరని కేకేశారు. "మా నాన్నండీ అత్తయ్యా, మీరు కూర్చోండి, కాఫీ నేను కలుపుతా" అంది హైమ. ఆ గొంతులో ఇంటి పెత్తనం వినబడింది. ఇన్నేళ్ళు పెంచినా రామయ్య ఆ గొంతు ఎన్నడూ వినలేదు. గర్వం కలిగింది, గుండె కోసినట్టూ అయింది. అరుగు మీద మాస్టారి పక్కన కూర్చుని కాఫీ తాగాడు. అల్లుడు ఎలా ఉన్నాడని అడిగాడు. ఆమె జడ వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. ఇంకాసేపు ఉండాలని ప్రాణం కొట్టుకుంటుండగానే గ్లాసు కింద పెట్టి లేచాడు.

"వెళ్ళొస్తానమ్మా."

"అప్పుడేనా నాన్నా?" అంది హైమ.

ఆ మాట కూతురి నోట వినడం ఆయనకు అదే మొదలు. కారెక్కాక వెనక్కి తిరిగి చూస్తే ఆమె ఇంకా మెట్టు మీదే నిలబడి ఉంది. వీధి మలుపు తిరిగాక ఆయన ముందుకు తిరిగి కూర్చున్నాడు.

"వెళ్ళొస్తాననడం ఇంత కష్టమని తెలీదు మాస్టారూ."

మాస్టారు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "ఆ మాటలో రెండు పనులున్నాయి రామయ్యా. నువ్విన్నాళ్ళూ ఒకటే చేశావు."