కరెంటు తాగే దయ్యం, వరహాలు తెచ్చుకున్న ల్యాప్‌టాప్

హైమా, ఆ దుప్పటి సగం తమ్ముడికియ్యవే. రేపు ఏ ల్యాప్‌టాప్ కొనాలో మీ ఇద్దరికీ పొద్దుట్నుంచీ తగువట కదా, మీ అమ్మ చెప్పింది. నీకేమో కాలేజీ చదువుకి కావాలి, వాడికేమో ఆటకి కావాలి. తీర్పు చెప్పడం నావల్ల కాదు గానీ కథ చెప్తాను. మీరు ఊ కొట్టడం ఆపితే నేనూ ఆపేస్తాను.

అనగా అనగా ఒక ఊళ్ళో వరహాలు అని ఒక కోడలు పిల్ల. ఊరి పక్కన కొండ, కొండకి మూడొందల మెట్లు, మెట్లెక్కితే రాజుగారి యూనివర్సిటీ. వరహాలుకి అందులో సీటొచ్చింది. వాళ్ళత్త సూరమ్మ చెడ్డదేం కాదు, కాకపోతే మాటంటే మాటే. మొదటి పరీక్ష నెగ్గితే మూడేళ్ళూ చదువుకో, తప్పితే మర్నాడే పుస్తకాలు అటకెక్కించి పొలానికి రా, అంది. సరేనంది వరహాలు. అనేసింది గానీ, నెగ్గడం అంత తేలిక కాదు. ఎందుకంటే కొండమీద ఒక దయ్యం ఉంది.

ఒరే, అంత దూరమెందుకు, దగ్గరికి జరుగు. అది రాత్రి దయ్యం కాదులే, మిట్టమధ్యాహ్నపు దయ్యం. సరిగ్గా పన్నెండింటికి వచ్చి, స్తంభమెక్కి కూచుని, తీగని రెండు చేతులా పట్టుకుని, మనం కొబ్బరిబోండాం తాగినట్టు కరెంటంతా తాగేసేది. పరీక్షా ఆ వేళకే. ఇప్పట్లాగే ల్యాప్‌టాప్‌లోనే రాయాలి. గంట కొట్టేలోపు రాసింది రాజుగారికి పంపకపోతే సీటు పోయినట్టే. రాజుకి చెప్పొచ్చుగా అంటావా? చెప్పారు. రాజు మంత్రికి చెప్పాడు, మంత్రి లైన్‌మ్యాన్‌కి చెప్పాడు, లైన్‌మ్యాన్ స్తంభం దాకా వెళ్ళి, పైకి చూసి, నిచ్చెన అక్కడే వదిలేసి వచ్చాడు.

ఊ కొడుతున్నారా? ఆఁ, అలాగ.

సీటొచ్చినవాళ్ళకి రాజుగారి కొట్టులో ఒక ల్యాప్‌టాప్ ఇస్తారు. ఒక్కటంటే ఒక్కటే. గుమ్మం దాటాక మార్చరు. వరహాలుతో పాటు మరిది సన్నాసీ ఆటోలో బయల్దేరాడు. తాటిచెట్టు మీంచి పడి కాలు విరగ్గొట్టుకుని మూణ్ణెల్లుగా మంచంలో ఉన్నవాడు. వాడికున్న సరదా అల్లా కంప్యూటర్లో ఎడ్లబండ్ల పందెం ఆట. సెలవురోజుల్లో నువ్వింట్లో ఉన్నప్పుడు ఆడుకుంటాను వదినా, అది ఆడేదే తీసుకో అని దారి పొడుగునా నస.

కొట్లో ముందుగా ఒకటి కనబడింది. నల్లగా నిగనిగలాడుతోంది, మీటల కింద ఎర్రదీపాలు. సన్నాసి కళ్ళు అక్కడే అతుక్కుపోయాయి. గుమాస్తా కూడా, వచ్చినవాళ్ళందరూ ఇదే పట్టుకెళ్ళారమ్మా అన్నాడు. వరహాలు ఏం చేసిందీ? మనం కుండ కొనేటప్పుడు ఏం చేస్తాం? చంకనెత్తుకుని నాలుగడుగులు నడిచి చూస్తామా లేదా? ఆవిడా అంతే. దాన్ని చంకనెత్తుకుని, దాని ఛార్జరు, అదొక ఇటుక, సంచిలో వేసుకుని, కొట్టంతా మూడుసార్లు తిరిగింది. భుజం లాగింది. తర్వాత పందెం ఆడించి, జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు దాని అడుగున చెయ్యి పెట్టింది. కాలింది. అప్పుడు వైరు పీకేసి, ఆట ఆడుతుండగానే, తెచ్చుకున్న పెరుగన్నం విప్పింది. సగం గిన్నె కాకముందే అది కళ్ళు మూసింది.

రెండోది అప్పడం. అంత పల్చన. మోయడానికి హాయిగా ఉంది గానీ, పందెంలో ఎడ్లు రెండడుగులేసి నిలబడిపోయాయి. మూత కూడా గాలికి తలుపులా ఊగింది.

మూడోది మూలనుంది, బూడిదరంగు, ఎవరూ ముట్టినట్టు లేదు. నిండు చెంబంత బరువు. ఆటలో బొమ్మల సింగారం కాస్త తగ్గిస్తే ఎడ్లు బాగానే పరిగెత్తాయి. వైరు పీకింది. గిన్నె ఖాళీ అయింది, కడిగింది, ఎండ ఈ గోడ మీంచి ఆ గోడ మీదికి పోయింది, అది మాత్రం వెలుగుతూనే ఉంది.

గుమాస్తా ఆవలించాడు. "పెళ్ళికొడుకుని చూసినట్టు చూస్తున్నావేంటమ్మా?"

"పెళ్ళికొడుకుని ఇంతసేపు చూడనిచ్చారేంటి బాబూ?" అని దాన్నే తీసుకుంది వరహాలు.

ఎర్రదీపాలు లేవని సన్నాసి ఇంటిదాకా మూతి ముడుచుకునే ఉన్నాడు.

పరీక్షరోజు రానే వచ్చింది. పన్నెండయింది. ఫ్యాను ఆగింది. ఆఖరి రెక్క టకీమని నిలబడింది. దయ్యం తీగ పట్టుకుంది. ఇంకేముంది, ముందు బెంచీలో ల్యాప్‌టాప్ పెట్టె ఆరింది, మధ్య బెంచీలో పెట్టె ఆరింది, గోడవార పెట్టె ఆరింది, గుమ్మంవార పెట్టె ఆరింది. ఎర్రదీపాలన్నీ వరసగా పోయాయి. వరహాలు తల ఎత్తలేదు. తెర వెలుగు తగ్గించింది, రాసింది, రాసింది, ఆఖరి మీట నొక్కింది. తనది రాజుగారికి చేరిపోయింది.

ఇక మెట్లు దిగి ఇంటికి పోవచ్చు. పోలేదు. పక్కన పద్మాక్షి అనే పిల్ల ఆరిన పెట్టెని ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తోంది. రెండు ప్రశ్నలే మిగిలాయట. గంటకి ఇంకా అరగంటుంది.

అప్పుడే కిటికీలోంచి చల్లగా గాలి కొట్టింది. తీగ రెండు గుప్పిళ్ళలో పట్టుకునే దయ్యం లోపలికి తల పెట్టింది.

"నీ తీగ ఏదే? నీదొక్కటే ఎలా వెలుగుతోంది?"

వరహాలు పెట్టెని దయ్యం వైపు తిప్పింది. పందెం ఆట తెరిచింది. ఎడ్లు గంటలూపాయి. దయ్యం మెడ చాపింది, ఇంకా చాపింది. ఆ ఎడ్లెవరివని అడిగింది.

"తోలినవాళ్ళవి. కాకపోతే రెండు చేతులూ కావాలి."

దయ్యం తీగ వంక చూసింది. ఎడ్ల వంక చూసింది. ఒక చెయ్యి వదిలింది. బండి గోతిలో పడింది. పళ్ళు నూరి రెండో చెయ్యీ వదిలింది. ఫ్యాను తిరిగింది. ఆరిన పెట్టెలన్నీ ఒక్కొక్కటే కళ్ళు విప్పాయి.

హమ్మయ్య అనకండి, అప్పుడే కాదు. వరహాలు పెట్టెలో ఛార్జింగు మిగిలింది నూటికి తొమ్మిదే. ఛార్జరు తగిలిస్తే కరెంటు వాసనకి దయ్యానికి దాహం గుర్తొస్తుంది. తగిలించడానికి లేదు. తొమ్మిది, ముందు బెంచీ పంపింది. ఏడు, మధ్య బెంచీ పంపింది. నాలుగు, గోడవార పంపింది. రెండు, గుమ్మంవార పంపింది. ఒకటి. పద్మాక్షి ఇంకా రాస్తోంది. వరహాలు లోపల్లోపలే, నా తల్లీ, ఇంకొక్క నిమిషం అంటూ ఆ బూడిదరంగు పెట్టెనే చూస్తోంది.

పద్మాక్షి మీట నొక్కింది. గంట కొట్టారు. పెట్టె ఆరింది.

"నా ఎడ్లేవి?" అని దయ్యం లేచింది. కిటికీ మూసుకుపోయి గది చీకటయింది. తీగ మీదికి చెయ్యి పోయింది.

"ఆదివారం మా ఇంటికి రా," అంది వరహాలు. "మా మరిది జోడీ లేక ఏడుస్తున్నాడు. కానీ తీగ ముట్టిన చేత్తో మా గుమ్మం ఎక్కకూడదు."

దయ్యం ఒకసారి తీగ వంక, ఒకసారి ఆరిన పెట్టె వంక చూసింది. చివరికి చెయ్యి వెనక్కి తీసుకుంది.

అప్పట్నుంచీ ఆదివారం మధ్యాహ్నం మంచం ఈ కోడున సన్నాసి, ఆ కోడున దయ్యం, మధ్యలో ఆ పెట్టె. దాహమేస్తే సూరమ్మ మజ్జిగ ఇచ్చేది, దయ్యం ఉప్పు చాలలేదనేది. వరహాలుని పొలానికి రమ్మని సూరమ్మ మళ్ళీ అనలేదు. రాజుగారు లైన్‌మ్యాన్ నిచ్చెన తెప్పించుకున్నారు.

కథేమో కంచిదారి పట్టింది, మనం దిండుదారి పడదాం. చూడు, చిన్నవాడు అప్పుడే ఊ కొట్టడం మానేశాడు. రేపు వాడి ఆట కూడా ఒకసారి ఆడించి చూడవే హైమా, చిన్నబుచ్చకు. నీ సంచిలో పెరుగన్నం పెడతాను. తీరిగ్గా కూచుని తిను. గిన్నె ఖాళీ అయ్యేలోగా ఆరిపోయేదాన్ని మాత్రం ఇంటికి తేకు.